బిడ్డను బయట ఉంచాల్సి వస్తే

“వీణ్ణి ఎక్కడైనా వేసేద్దామనుకుంటున్నాం పాస్టరుగారూ. మీకు తెలిసిన చోటేదైనా ఉంటే చెప్పండి.”

ఆరాధన ముగిశాక, జనం చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి తల్లిదండ్రులు అడిగే మాట ఇది. పిల్లవాడికి పదిహేనో పదహారో ఉంటాయి. కాలేజీకి వెళ్ళడం మానేశాడు. రాత్రంతా ఫోను, పగలంతా నిద్ర. తల్లి పర్సులో పెట్టిన డబ్బు పెట్టినచోట ఉండటం లేదు. చొక్కాకు గంజాయి వాసన. మొన్న తండ్రిమీద చెయ్యెత్తాడు. ఆడపిల్లయితే ముంజేతిమీద బ్లేడు గీతలు కనబడి ఉంటాయి, లేదా రెండు రోజులు ఇంటికి రాకుండా పోయి ఉంటుంది. ఆ తల్లిదండ్రులు అలసిపోయారు, నిద్రలేక ఉన్నారు, బంధువులకు తెలుస్తుందేమోనన్న సిగ్గుతో కుంగిపోతున్నారు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే వారికి మన సంఘాల్లో తరచుగా దొరికే సాయం ఎవరో ఒకరి ఫోను నంబరు మాత్రమే. ఆ నంబరు ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

“ఎక్కడైనా” అనే ఆ మాటలో ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్లు కలిసిపోయి ఉన్నాయి. కఠినమైన క్రమశిక్షణకు పేరుపడ్డ రెసిడెన్షియల్ స్కూలో, ఇంటర్ కాలేజీ హాస్టలో ఒకటి. మత్తు మానిపించే డీ-అడిక్షన్ సెంటరు ఒకటి. మానసిక వైద్యశాల మరొకటి. ప్రార్థనతో విడుదల కలిగిస్తామని పిల్లల్ని నెలల తరబడి ఉంచుకునే ఆవరణలు ఇంకొకటి. ఇవన్నీ ఒకే అవసరానికి పుట్టినవి కావు. చదువు కోసం కట్టిన హాస్టలు జబ్బును నయం చేయలేదు. మత్తు మానిపించే చోటు చదువులో వెనకబడిన పిల్లవాడికి పనికిరాదు. ఎక్కడ చేర్చాలన్నది రెండో ప్రశ్న. బిడ్డకు ఏమైందన్నది మొదటిది.

మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఒక తండ్రి తన కొడుకును యేసుప్రభువు దగ్గరికి తీసుకొస్తాడు. పిల్లవాడు కిందపడి కొట్టుకుంటున్నాడు, నోట నురగ వస్తోంది, చుట్టూ జనం పోగవుతున్నారు. అప్పుడు ప్రభువు ఆ తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు: వీడికి ఇది ఎంతకాలంగా ఉంది? తండ్రి చిన్నప్పటినుంచీ అని చెప్పి, నిప్పుల్లోనూ నీళ్ళలోనూ పడిన సంగతులు వివరించాడు. సమస్తం ఎరిగినవాడు కూడా తండ్రి నోట ఆ చరిత్ర చెప్పించాడు. మనం మాత్రం పిల్లవాణ్ణి చూడగానే “మొండివాడు”, “చెడు సావాసం”, “దురాత్మ” అని పేరుపెట్టి, ఆ పేరునుబట్టి చోటు వెతుకుతాం.

పైకి ఒకేలా కనబడే ప్రవర్తన వెనక కారణాలు చాలా ఉంటాయి. పెద్దవాళ్ళలో కుంగుబాటు ఏడుపుగా, నీరసంగా కనబడితే, ఈ వయసు పిల్లల్లో తరచుగా చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. కాబట్టి అరిచే పిల్లవాడు లోపల కుంగిపోతున్నవాడు కావచ్చు. అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా ఉన్న పిల్లవాడిని పదేళ్ళపాటు మొద్దు అని పిలిస్తే, పదిహేనో ఏట వాడు పుస్తకం విసిరికొడతాడు. ఒకచోట కుదురుగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ పిల్లలు మన సండే స్కూల్లోనూ ఉన్నారు, వారిని అల్లరివాళ్ళంటున్నాం. తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరో వెంటాడుతున్నారని భయపడటం, స్నానం కూడా మానేయడం సైకోసిస్ తొలి గుర్తులు కావచ్చు. చిన్న వయసులో మొదలుపెట్టిన గంజాయి ఆ ముప్పును పెంచుతుంది. మూర్ఛ జబ్బును ఈనాటికీ దయ్యమని తీసుకెళ్ళేవారున్నారు.

ఇంకో కారణం ఉంది, రాయడానికి బాధగా ఉన్నా రాయాలి. నిన్నటిదాకా చక్కగా ఉన్న బిడ్డ ఒక్కసారిగా మారిపోతే, ఫలానా మనిషి వస్తున్నాడంటే ఇంట్లోంచి వెళ్ళిపోతే, ఎవరైనా ఆ బిడ్డను లైంగికంగా బాధించి ఉండవచ్చు. ఆ ఎవరైనా బంధువు కావచ్చు, ట్యూషన్ మాస్టారు కావచ్చు, సంఘంలో పదిమందీ గౌరవించే మనిషీ కావచ్చు. అటువంటి బిడ్డను “దారిలో పెట్టమని” దూరంగా పంపితే, నేరం చేసినవాడు ఇంటి దగ్గర ఉంటాడు, బిడ్డ శిక్ష అనుభవిస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఈ సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరుకు చెప్పాం కదా అని ఊరుకుంటే చెల్లదు, విన్న పాస్టరుకూ ఊరుకునే వీలు లేదు.

ఈ తేడాలు తేల్చేది పిల్లల మానసిక వైద్యంలో అనుభవమున్న డాక్టరు, సైకాలజిస్టు. అన్ని ఊళ్ళలో వారు ఉండరు, నిజమే. కానీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉందేమో అడగండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పిల్లలకూ కౌమారులకూ ప్రత్యేక విభాగముంది. ఎవరికి చూపించాలో కూడా తోచనప్పుడు 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

డాక్టరు చూసిన పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో ఉంచే చికిత్స జరుగుతుంది. వారానికోసారి కౌన్సెలింగ్, అవసరమైతే మందులు, తల్లిదండ్రులకు కూడా కొంత శిక్షణ. ఈ చివరిది విన్నప్పుడు చాలామంది నాన్నలకు కోపం వస్తుంది. “జబ్బు వాడికైతే క్లాసు నాకా?” అంటారు. కానీ బిడ్డ ఎక్కడికి వెళ్ళివచ్చినా చివరికి చేరేది ఆ ఇంటికే. ఆ ఇంట్లో మాట్లాడే తీరు మారకపోతే బయట ఎంత ఖర్చుపెట్టినా నిలవదు.

మరి బయట ఉంచవలసిన పరిస్థితి ఎప్పుడు? ప్రాణం తీసుకుంటానని బిడ్డ అంటున్నప్పుడు, ప్రయత్నించినప్పుడు. ఇంట్లోవాళ్ళకు ప్రాణభయం ఉన్నప్పుడు. మనసు పూర్తిగా అదుపు తప్పి తిండి, నిద్ర లేనప్పుడు. మత్తు అలవాటు బాగా ముదిరినప్పుడు. ముఖ్యంగా మద్యం, నిద్రమాత్రల వంటివి చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది, కాబట్టి గదిలో పెట్టి తలుపేయడం చికిత్స కాదు, ప్రాణాంతకం. మొదటి సందర్భంలో అయితే సెంటర్లు వెతుకుతూ కూర్చోకూడదు. ఇంట్లో పురుగుమందు, మాత్రలు, తాళ్ళు అందకుండా తీసేసి, బిడ్డను ఒంటరిగా వదలకుండా, ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇక చట్టం సంగతి. మన సంఘాల్లో చదువుకున్నవారికీ ఇది తెలియడం లేదు గనుక కొంచెం విడమరిచి చెబుతాం.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక వ్యాధుల్లోనే లెక్కవేసింది. అందువల్ల రోగులను ఉంచుకుని చికిత్స చేసే డీ-అడిక్షన్ సెంటర్లు కూడా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు కావాలి. “మాది ట్రస్టు”, “మాది మినిస్ట్రీ” అంటే సరిపోదు. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం వేరు, ఈ రిజిస్ట్రేషన్ వేరు. చాలాచోట్ల మొదటిది ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు, రెండోది ఉండదు. అనాథలనూ, సంరక్షణ అవసరమైన పిల్లలనూ ఉంచే హోములకైతే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా నడపడం నేరం.

పద్దెనిమిదేళ్ళు నిండనివారిని మానసిక వైద్య కేంద్రంలో చేర్చుకోవడానికి ఆ 2017 చట్టంలోని 87వ సెక్షను గట్టి నియమాలు పెట్టింది. ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు, బిడ్డను విడివిడిగా పరీక్షించాలి. ఆ పరీక్ష చేర్చిన రోజున గాని, అంతకుముందు ఏడు రోజుల లోపల గాని జరిగి ఉండాలి. బయట ఉంచి చేసే చికిత్స ఫలించలేదని, లేదా ఈ బిడ్డకు అది సరిపడదని వారు తేల్చాలి. బిడ్డ ఇష్టాయిష్టాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదు. చేర్చుకున్న సంగతి 72 గంటల్లోగా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. 30 రోజులు దాటితే బోర్డు సమీక్ష తప్పదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బిడ్డ అక్కడ ఉన్నన్నాళ్ళూ తల్లో తండ్రో, లేదా వారు నియమించిన మనిషో తోడుగా ఉండాలి. ఆడపిల్లకు తండ్రి బాధ్యుడైతే ఒక స్త్రీని తోడు పెట్టాలి. చట్టంలో ఇది సలహా కాదు, ఏ పరిస్థితుల్లోనైనా తప్పని నియమం. ఇప్పుడు మన చుట్టూ వినబడే మాటలతో పోల్చి చూడండి: “బిడ్డను మాకు అప్పగించి వెళ్ళండి. మూడు నెలలు చూడటానికి రావద్దు, ఫోను చేయవద్దు, మీరు కనబడితే వాడు మెత్తబడతాడు.” ఈ మాట విన్నచోట ఇంకేమీ అడగనక్కరలేదు, బిడ్డను తీసుకుని తిరిగి రావచ్చు.

కుటుంబం తోడుండటం కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. మన తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల బాగాయంలో మానసిక వైద్య కేంద్రం నడుపుతోంది. రోగితో పాటు ఇంటివారు కూడా అక్కడే ఉండి, చికిత్సలో పాలుపంచుకునే పద్ధతి ఆ కేంద్రంలో దశాబ్దాలుగా ఉంది. మన విశ్వాసంలోంచి పుట్టిన వైద్యసేవలోనే ఇటువంటి మాదిరి ఉండగా, బిడ్డను ఇంటివారి నుంచి విడదీస్తేనే బాగుపడతాడన్న సిద్ధాంతం మనకెక్కడిదో తెలియదు.

చికిత్స పేరుతో గొలుసు వేయడాన్ని ఆ చట్టం ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఒంటరిగా గదిలో బంధించడం నిషేధం. బలవంతంగా గుండు గీయించడం, బట్టలు తీసుకుని యూనిఫారం తొడగడం కూడా కుదరదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టివేసి ఉండటంవల్ల వారు పారిపోలేకపోయారు. స్వస్థత కోసం విశ్వాసంతో జనం వెళ్ళే చోటది. అది వేరే మతంవారి సంగతి కదా అని దాటిపోకండి. ఉపవాస కూటాల పేరుతో పిల్లల్ని కట్టేసే, కొట్టే, మందులు మాన్పించే చోట్లు మన పేరుతోనూ ఉన్నాయి. ప్రార్థన చేయవద్దని మేమనడం లేదు. బిడ్డ మంచం పక్కన మోకరించండి, సంఘమంతా భారంతో ప్రార్థించండి. కానీ డాక్టరు ఇచ్చిన మాత్ర మింగడం అవిశ్వాసమని చెప్పే మనిషి చేతికి బిడ్డను ఇవ్వకండి. ఆ మాత్ర హఠాత్తుగా ఆపితే ఏమవుతుందో ఆయనకు తెలియదు, అయినదానికి ఆయన బాధ్యత వహించడు.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలు కూడా ఈ పేజీ చదువుతారు గనుక ఒక మాట. అక్కడ పిల్లల్ని దిద్దే వసతి కేంద్రాలు పెద్ద వ్యాపారం. వాటిలో జరిగిన హింస గురించి అక్కడ పెరిగినవారే సాక్ష్యం చెప్పారు, 2024 డిసెంబరులో దానిమీద సమాఖ్య చట్టం కూడా వచ్చింది. మిస్సోరీ రాష్ట్రంలో మతసంస్థలు నడిపే వసతి కేంద్రాలకు లైసెన్సు అక్కరలేదన్న మినహాయింపు చాలా ఏళ్ళు సాగింది. అక్కడి కొన్ని క్రైస్తవ బోర్డింగ్ స్కూళ్ళమీద వచ్చిన ఆరోపణల తరువాత 2021లో రిజిస్ట్రేషన్, సిబ్బంది నేపథ్య పరిశీలన తప్పనిసరి చేశారు. పేరులో బైబిలు మాట ఉన్నంతమాత్రాన తనిఖీ అక్కరలేదనుకోవడం ఆ దేశంలోనూ పిల్లలకే నష్టమైంది.

రెసిడెన్షియల్ కాలేజీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మందలించి చదివిస్తారని పంపుతాం. కానీ కుంగుబాటులో ఉన్న పిల్లవాణ్ణి తెల్లవారుజామున లేపి రాత్రిదాకా బల్లమీద కూర్చోబెడితే ఆ కుంగుబాటు తీరదు, ఎక్కువవుతుంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలరునో, సైకాలజిస్టునో పెట్టుకోవాలన్నది వాటిలో ఒకటి. మీ పిల్లలున్న కాలేజీలో ఆ మనిషి పేరేమిటో అడిగి చూడండి.

చోటు చూడటానికి వెళ్ళేటప్పుడు బిడ్డను వెంటనే చేర్చే ఉద్దేశంతో, సూట్‌కేసుతో వెళ్ళకండి. ముందు ఒకసారి చెప్పి, మరోసారి చెప్పకుండా వెళ్ళండి. ఆఫీసు గదిలో కాఫీ ఇచ్చి ఆల్బం చూపిస్తారు, అది చాలదు. పడుకునే గది, వంటగది, మరుగుదొడ్డి చూడండి. తలుపులకు గడియ బయటివైపు ఉందేమో చూడండి. సైకియాట్రిస్టు వారంలో ఎన్ని రోజులు, ఏ వేళలో వస్తారో అడగండి. ఆ పేరు తెలుసుకుని బయటికి వచ్చాక ఆయన్నే విచారించండి. రాత్రిపూట పిల్లల దగ్గర ఎవరుంటారు? పిల్లవాడు ఎదురు తిరిగితే ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు “మేం చూసుకుంటాం లెండి” అన్నది జవాబు కాదు. మీ బిడ్డ వయసువారు ఎందరున్నారు? నలభయ్యేళ్ళ తాగుబోతుల మధ్య పదహారేళ్ళవాణ్ణి ఉంచితే వాడు అక్కడినుంచి ఏం నేర్చుకుని వస్తాడు? దారితప్పిన పిల్లలనైనా ఒకే గుంపుగా పెడితే ఒకరి చెడు మరొకరు నేర్చుకునే ప్రమాదముందని అమెరికన్ సైకాలజిస్టు థామస్ డిషన్, ఆయన సహచరులు 1999లోనే హెచ్చరించారు. కాబట్టి పిల్లల్ని ఒకచోట పోగుచేయడమే కాకుండా, ఒక్కొక్కరికీ విడిగా ఏం చేస్తున్నారో చెప్పగలగాలి.

ఇంకా రెండు. వీలైతే అక్కడ ఉండి వచ్చిన పిల్లలతో, వారి తల్లిదండ్రులతో మాట్లాడండి. వారు చూపించినవారితో కాదు, మీరు కనుక్కున్నవారితో. డబ్బు విషయంలో అన్నీ కాగితంమీద రాయించుకోండి. ఏడాది సొమ్ము ముందే కట్టమనేవారిని నమ్మకండి. మధ్యలో బిడ్డను తీసుకెళ్ళే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది. మీకు ఆరోగ్య బీమా ఉంటే అడిగి చూడండి, మానసిక జబ్బులకు కూడా శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. వందశాతం గ్యారంటీ అనే బోర్డు పెట్టినచోట మాత్రం గుమ్మం ఎక్కకండి, ఏ డాక్టరూ ఆ మాట అనడు.

బిడ్డకు చెప్పకుండా తీసుకువెళ్ళే పద్ధతి ఒకటుంది. అమ్మమ్మ ఊరికని కారెక్కించి సెంటరు గేటు లోపల దింపుతారు, లేదా తెల్లవారుజామున నలుగురు మనుషులు వచ్చి మంచంమీద నుంచి ఎత్తుకెళ్తారు. తల్లిదండ్రులు కూడా ఏడుస్తూనే తలుపు తీస్తారు. ఆ బిడ్డ మళ్ళీ తల్లిదండ్రుల మాట నమ్మడానికి ఏళ్ళు పడుతుంది, కొందరు ఎప్పటికీ నమ్మరు. ప్రాణాపాయం ఉన్న గడియ వేరు, అప్పుడు ముందు ఆసుపత్రి. మిగతా అన్ని సందర్భాల్లోనూ ఎందుకు వెళ్తున్నామో, ఎన్నాళ్ళో, ఎవరు తోడుంటారో ముందుగా చెప్పండి. అరుస్తాడు, ఒప్పుకోడు, మళ్ళీ చెప్పండి. అవసరమైతే డాక్టరు నోటే చెప్పించండి.

ఇదివరకే బిడ్డ ఏదో ఒకచోట ఉండి ఉంటే, మీరు చూడటానికి వెళ్ళినప్పుడు సిబ్బంది లేకుండా మాట్లాడండి. “నాన్నా, నన్ను కొడుతున్నారు” అంటే, “తప్పించుకోవడానికి అబద్ధాలు చెబుతున్నాడు” అని సిబ్బంది అనే మాటను ముందుగా నమ్మకండి. ఒళ్ళు చూడండి. పిల్లలమీద హింస జరుగుతున్నట్టు తెలిస్తే 1098కు ఫోను చేయవచ్చు, ఫిర్యాదు ఇచ్చినవారి పేరు బయటపెట్టరు.

హన్నా సమూయేలును షిలోహులో విడిచిపెట్టిన సంగతి బిడ్డను దూరంగా పంపే తల్లులకు మనం తరచుగా చెబుతుంటాం. ఆ కథలో మనం సాధారణంగా చెప్పనివి రెండున్నాయి. ఆమె ప్రతి ఏటా కొడుక్కి చిన్న అంగీ కుట్టి స్వయంగా తీసుకెళ్ళింది. ఏటేటా పెరిగే పిల్లవాడి కొలత ఆ తల్లికి తెలుసన్నమాట. రెండోది, ఆ బిడ్డ పెరిగిన మందిరంలోనే ఏలీ కుమారులు చేయరాని పనులు చేస్తుండేవారు. అందరికీ తెలుసు, తండ్రి మాటలతో మందలించి సరిపెట్టాడు. పరిశుద్ధ స్థలమైనా కన్ను వేసి ఉంచవలసిందేనని ఆ గ్రంథమే దాచకుండా చెప్పింది.

ఇక బిడ్డ తిరిగి వచ్చే రోజు. చేర్చే రోజుకంటే దీనికే ఎక్కువ సిద్ధపాటు కావాలి, కాని దీని గురించే ఎవరూ ఆలోచించరు. ఏ డాక్టరు దగ్గరికి, ఎన్ని రోజులకోసారి వెళ్ళాలో బయలుదేరకముందే రాయించుకోండి. మందులు ఎవరి చేతిలో ఉండాలో, ఫోను ఎప్పుడిస్తారో, కాలేజీ ఇదేనా వేరేదా, పాత స్నేహితులు గుమ్మంలోకి వస్తే ఏమనాలో బిడ్డతో కూర్చుని మాట్లాడుకోండి. మత్తు మానినవారిలో చాలామంది ఒకసారైనా మళ్ళీ జారతారు. జారినప్పుడు “లక్షలు పోశాం నీకు” అనకుండా మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళడం చికిత్సలో భాగం.

సంఘం చేయగలిగినవి చిన్నవే. తల్లి ఆసుపత్రిలో తోడు ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న చెల్లికి ఎవరైనా అన్నం పెట్టాలి, స్కూలుకు దింపాలి. తండ్రి సెలవు దొరక్క నలిగిపోతుంటే యూత్‌లో ఒకరు రెండు రాత్రులు తోడు పడుకోవచ్చు. ప్రార్థన విన్నపాల్లో పేరు, జబ్బు, సెంటరు పేరు చదవనక్కరలేదు, “ఒక కుటుంబం కోసం” అంటే ప్రభువుకు తెలుస్తుంది. ఆదివారం ఆ పిల్లవాడు వచ్చి వెనక వరుసలో కూర్చుంటే, “బాగున్నావా అన్నా” అని పక్కన చోటివ్వండి. మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పమనకండి. మూడు వారాలు వరసగా వచ్చి నాలుగో వారం రాకపోతే, ఎవరైనా ఒకరు, ఒక్కరే, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి క్రికెట్ సంగతులు మాట్లాడి రండి.